ఆదివారం రన్ క్లాసు

ద్వారకానగర్‌లో మందుల షాపు మీద, మొదటి అంతస్తులో, ఎవాంజలిన్ ప్రతి ఆదివారం సాయంత్రం ఒక ఉచిత క్లాసు చెప్పేది. స్పోకెన్ ఇంగ్లీషులో చేరాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ళ కోసం పెట్టిన క్లాసది. కరపత్రాల్లో దానికేదో పెద్ద పేరు ఉండేది కానీ జనం మాత్రం 'రన్ క్లాసు' అనేవారు. ఎందుకంటే క్లాసు మొత్తం ఆవిడ చెప్పేది ఆ ఒక్క మాట గురించే.

బోర్డు మీద మూడక్షరాలు రాసి వెనక్కి తిరిగి, "దీని అర్థం ఎవరికి తెలుసు?" అని అడిగేది. "పరుగెత్తడం" అని హాలంతా ఒక్క గొంతుతో అరిచేది. ఇంత తేలికైన ప్రశ్న అడిగిందేమిటని కొందరు నవ్వుకునేవారు కూడా.

"అయితే మా వీధి కుళాయి పరుగెడుతోందా?" అనేది ఎవాంజలిన్. "జలుబు చేస్తే ముక్కు పరుగెడుతుందా? కొత్త చీర తడిపితే రంగు పరుగెడుతుందా?"

అక్కణ్ణించి క్లాసు మొదలయ్యేది. కుళాయి కారినా, ముక్కు కారినా, చీరకి రంగు దిగినా ఇంగ్లీషువాడికి అదే మాట. కొట్టు నడిపినా, బస్సు తిరిగినా, సినిమా వంద రోజులు ఆడినా అదే. ఎలక్షన్లో నిలబడ్డా అదే. ఇంట్లో పంచదార నిండుకుంటే దాని పక్కన 'అవుట్' అని ఒక చిన్న మాట తగిలిస్తాడు. పూర్ణా మార్కెట్లో పాత స్నేహితురాలు ఎదురుపడితే 'ఇంటూ' తగిలిస్తాడు. వింటున్నవాళ్ళు ఊరుకునేవారు కాదు, ఎవరి పనుల్లోంచి వాళ్ళు కొత్తవి తెచ్చేవారు. ఫిషింగ్ హార్బర్‌లో బోటున్న ఒకాయన లేచి, "మేడమ్, బోటు ఇసకలోకి ఎక్కేత్తే ఏటంటారు?" అని అడిగాడు. దానికీ అదేనని చెబితే తొడ చరుచుకుని, పక్కవాడికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

"చూశారా? మనకి కారింది, దిగింది, ఆడింది, తిరిగింది, నిండుకుంది అని ఇన్ని మాటలున్నాయి. పాపం వాడికి ఒక్కటే ఉంది. దాంతోనే సంసారం ఈదుకొస్తున్నాడు. మరి భయం మనకెందుకు?" అనేది ఎవాంజలిన్.

హాలు నవ్వేది. ఆ నవ్వు ఆగేదాకా ఉండి, గొంతు తగ్గించి చివరి అర్థం చెప్పేది.

"మా నాన్నకి నత్తి. నాకూ నత్తే ఉండేది. తండ్రికున్న గుణం బిడ్డకీ వస్తే, ఆ ఇంట్లో అది రన్ అవుతోందంటారు. మా ఇంట్లో నత్తి అలా పారింది."

ఆ తర్వాత చెప్పేది కథలా ఉండేది. కాన్వెంటు స్కూల్లో ఐదో తరగతి చదివేటప్పుడు సిస్టర్ లేపి పాఠం చదవమంది. ఈ మాట దగ్గరకొచ్చేసరికి 'ర' మీద నాలుక అతుక్కుపోయింది. ఎంతకీ ఊడిరాదు. తరగతంతా విరగబడి నవ్వింది. ఆ సాయంత్రం తండ్రి ఆమెని బీచికి తీసుకెళ్ళాడు. ఆయన పోర్టులో ముడి ఇనుము మోసే కన్వేయర్ బెల్టు దగ్గర పనిచేసేవాడు. ఆ చప్పుడులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు కాబట్టి ఆయనకా ఉద్యోగం హాయిగా ఉండేది. ఇంగ్లీషు రాదు. బెల్టు మీట దగ్గర రాసి ఉండే రెండు మాటలు మాత్రం తెలుసు. ఒకటి స్టాప్, రెండోది రన్. అయితే ఆయన చర్చిలో పాట పాడితే ఎక్కడా ఆగేవాడు కాదు. పాటలో నత్తి రాదు. అందుకని మాటని పాటలా ఎత్తుకోమని కూతురికి నేర్పాడు. అలల ముందు నిలబడి ఇద్దరూ ఆ ఒక్క మాటనీ చీకటి పడేదాకా రాగం తీశారు.

"ఆ మాట పలకలేని పిల్ల ఇవాళ దాని మీదే మీకు క్లాసు చెబుతోంది" అని ముగించేది.  కిందకి దిగేముందే సగంమందికి పైగా పేర్లు రాయించుకునేవారు.

పేర్లు రాయించుకునే బల్ల దగ్గర త్రినాథరావు ఉండేవాడు. పాత స్కూల్లో అతను సోషల్ చెప్పేవాడు, ఆమె ఇంగ్లీషు చెప్పేది. ఆమెకంటే నాలుగేళ్ళు చిన్న. మొదటిరోజు నుంచీ ఆమెని అక్కా అనే పిలిచాడు. తొంభై ఎనిమిదిలో ఇద్దరూ స్కూలు మానేసి ఈ ఇనిస్టిట్యూటు పెట్టారు.

"అక్కా, నువ్వు క్లాసు సెప్పు. మిగతాదంతా నాను సూసుకుంటాను. ఆఫీసుల సుట్టూ నువ్వు తిరగడం ఏటి?" అన్నాడు. హాలు అద్దె ఒప్పందం, బోర్డు, రిజిస్ట్రేషను అన్నీ అతని పేరు మీదే అయ్యాయి. ఎవాంజలిన్‌కి అది తప్పుగా తోచలేదు. ఆమెకి కావలసింది సుద్దముక్క, బోర్డు, ఎదురుగా నలుగురు మనుషులు. అవి ఉన్నాయి.

నిజానికి త్రినాథరావుని ముందుగా నమ్మింది ఆమె కాదు, ఆమె తండ్రి దేవకుమార్. భార్య పోయాక ఆయనా కూతురూ జ్ఞానాపురంలో రెండు గదుల ఇంట్లో ఉండేవారు. రిటైరయ్యాక ఆయనకి పొద్దుపోయేది కాదు. బయటకి వెళితే మాట్లాడాలి. ఆయన 'ప... ప...' అనగానే కొట్టువాడు "పాలా? పప్పా? పేపరా?" అని అందించేవాడు. వాళ్ళది మంచితనమే. కానీ తన నోట్లో మాట ఇంకొకరు పూర్తిచేస్తే ఆయన ముఖం వాడిపోయేది. కొన్నిసార్లు తనకి కావలసింది కాకపోయినా తలూపి, వాళ్ళు ఇచ్చిందే పట్టుకుని ఇంటికొచ్చేవాడు.

త్రినాథరావు ఎప్పుడూ అలా అందించలేదు. ఆదివారం క్లాసయ్యాక ఎవాంజలిన్‌ని స్కూటర్ మీద దింపి, లోపలికి వచ్చి కూర్చునేవాడు. దేవకుమార్ ఏదైనా మొదలుపెడితే ఆయన ముఖంకేసి చూస్తూ ఉండిపోయేవాడు. గడియారం చూసేవాడు కాదు. "నిదానంగా సెప్పు బాబాయ్, నాకేటీ తొందర్లేదు" అనేవాడు. మాట మరీ పట్టేస్తే తనూ ఆయనతో పాటు కష్టపడుతున్నట్టు ముందుకి వంగి వినేవాడు. పోర్టు కబుర్లు, పెళ్ళైన కొత్తలో భార్యని యారాడ బీచికి తీసుకెళితే తిరుగు పడవ దొరక్క ఒక జాలరి ఇంట్లో ఉండిపోయిన సంగతి, కూతురికి కూడా చెప్పనివన్నీ దేవకుమార్ అతనికి చెప్పాడు.

"ఆ గుంటడు మ... మంచోడమ్మా" అనేవాడు కూతురితో.

రెండువేల మూడులో త్రినాథరావు ఒక హ్యాండీక్యామ్ కొన్నాడు. రన్ క్లాసుని రికార్డు చేద్దామన్నాడు.

"ఎందుకురా?"

"నీకేదైనా జొరం వచ్చిందనుకో, ఆదివారం ఖాళీ పోద్ది కదక్కా. టీవీలో ఏసి సూపించొచ్చు."

వరసగా మూడు ఆదివారాలు తీశాడు. ఆమె ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ గొంతు తగ్గిస్తోందో, ఎక్కడ సుద్దముక్క బల్ల మీద పెట్టి చేతులు దులుపుకుంటోందో అన్నీ అందులో పడ్డాయి. ఆమె సరదా పడింది. తనని తాను తెర మీద చూసుకోవడం అదే మొదటిసారి.

ఆ వర్షాకాలం ఆమెకి పచ్చకామెర్లు వచ్చాయి. రెండు నెలలు మంచం దిగలేదు. త్రినాథరావు వారానికి రెండుసార్లు వచ్చేవాడు. కొబ్బరిబొండాలు తెచ్చేవాడు, చెరుకు ముక్కలు తెచ్చేవాడు. "క్లాసులు ఎలా జరుగుతున్నాయి?" అని అడిగితే "వీడియో ఏత్తన్నాం, లాగించేత్తన్నాం. నువ్వు బేగి లెగు" అనేవాడు. ఆ మాట నమ్మి ఆమె కళ్ళు మూసుకునేది.

ఆమె లేచి తిరుగుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం పక్కింటి దేముడమ్మ గోడ మీంచి కేకేసింది. "ఎవా! మీ త్రినాథు టీవీలో వత్తన్నాడు! లోకల్ కేబుల్ ఎట్టు, బేగి!"

దేవకుమార్ సంబరంగా టీవీ పెట్టాడు. కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు. తెర మీద త్రినాథరావు, నీలం కోటు, మెళ్ళో టై. వెనక బోర్డు, బోర్డు మీద ఆ మూడక్షరాలు. "అయితే మీ వీధి కుళాయి పరుగెడుతోందా?" అంటున్నాడు. ఎదురుగా కూర్చున్న జనం నవ్వుతున్నారు.

ఎవాంజలిన్ కూడా ముందు నవ్వింది. బాగానే చెబుతున్నాడు. ఆమె ఆగే చోటే ఆగుతున్నాడు. నవ్వు తగ్గేదాకా ఆగి, సుద్దముక్క బల్ల మీద పెట్టి చేతులు దులుపుకున్నాడు. అప్పుడామె నవ్వు ఆగిపోయింది.

"మా నాన్నకి నత్తి" అన్నాడు త్రినాథరావు తెర మీద. "నాకూ నత్తే ఉండేది."

ఆమె లేచి టీవీ ఆపబోయింది. దేవకుమార్ చెయ్యి అడ్డం పెట్టాడు.

తెర మీద త్రినాథరావు తన తండ్రి ఎలా మాట్లాడేవాడో చేసి చూపిస్తున్నాడు. తల కాస్త కుడిపక్కకి వంచి, కళ్ళు చికిలించి, ఎడమచెయ్యి తొడ మీద తట్టుకుంటూ 'ప... ప... ప...' అన్నాడు. ఆ తల వంపు, ఆ తొడ తట్టడం ఎవాంజలిన్ ఏ క్లాసులోనూ చేసి చూపలేదు. వీడియోలో అవి లేవు. ఈ ఇంట్లో, ఇదే కుర్చీకి ఎదురుగా కూర్చుని, ఏళ్ళ తరబడి ఓపిగ్గా చూసి అతను నేర్చుకున్నవి. జనం పగలబడి నవ్వారు. తర్వాత బీచి కథ చెప్పాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు.

కార్యక్రమం అయిపోయి సబ్బు ప్రకటన వచ్చింది. దేవకుమార్ దాన్ని కూడా చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి కూతురివైపు తిరిగాడు.

"ఈ క... కథ నువ్వు క్లాసులో సెప్తన్నావా?"

"చెప్పేదాన్ని నాన్నా. నీ గురించి గొప్పగానే..."

"నాకు సె... సెప్పనేదేటి?"

 ఇన్నేళ్ళలో ఒక్క ఆదివారమైనా తండ్రిని క్లాసుకి తీసుకెళ్ళలేదని ఆమెకి అప్పుడే గుర్తొచ్చింది. ఆయన లేచి, చొక్కా వేసుకుని, పెరట్లోకి వెళ్ళి బావి గట్టు మీద కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె ద్వారకానగర్ వెళ్ళింది. మెట్ల దగ్గర కొత్త బోర్డు పెట్టి ఉంది. దాని మీద త్రినాథరావు నిలువెత్తు ఫోటో, పైన 'ఒకే మాట, వంద అర్థాలు'. రిసెప్షన్‌లో శ్రీవల్లి ఉంది. గోపాలపట్నం నుంచి డిగ్రీ తప్పి వచ్చిన పిల్ల. ఎవాంజలినే కూర్చోబెట్టి ఇంగ్లీషు నేర్పి, ఆ కుర్చీలో పెట్టించింది.

"ఎప్పట్నుంచి చెబుతున్నాడు శ్రీవల్లీ?"

శ్రీవల్లి ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంది. అది మోగనే లేదు. "నాకేటీ తెలీదు మేడమ్. సార్ లోపలున్నారు" అంది తలెత్తకుండా.

త్రినాథరావు లేచి నిలబడ్డాడు. కుర్చీ లాగాడు. ఆమె కూర్చోలేదు.

"వీడియో వేస్తున్నానన్నావు కదరా."

"ఏసేనక్కా. రెండు వారాలు ఏసేను. జనం లెగిసి ఎలిపోయేరు. మనిషి ఎదురుగా లేకపోతే ఎవుడు సూత్తాడు? అప్పుడు నానే సెప్పేను."

"చెప్పావు సరే. మా నాన్న నీకెప్పుడు నాన్నయ్యాడు?"

అతను కాసేపు టేబుల్ మీద పేపర్‌వెయిట్ తిప్పాడు. "ముందు నీ పేరే సెప్పేనక్కా, ఒట్టు. 'మా మేడమ్ నాన్నగారికి నత్తి' అన్నాను. ఒక్కడూ కదల్నేదు. ఎవురి నాన్నో అయితే ఆళ్ళకేటి? తర్వాత వారం 'మా నాన్నకి' అన్నాను. హాలు హాలంతా ఏడిసింది. నువ్వుంటే సూసేదానివి."

"నిజంగా మీ నాన్న ఏం చేస్తుంటాడు త్రినాథ్?"

"అనకాపల్లిలో బెల్లం యాపారం. బాగా మాటకారి" అన్నాడు. అంటూనే అతనికి నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి ఆపుకున్నాడు.

"వచ్చే ఆదివారం నుంచి నా క్లాసు నేనే చెప్పుకుంటాను."

"అదెలాగక్కా? టీవీలో వచ్చింది నాను. గాజువాకలో బ్రాంచి తెరుత్తన్నాం. జనం నన్ను సూడ్డానికి వత్తన్నారు. నువ్వు గ్రామర్ బ్యాచీలు తీసుకో, నీకేటీ లోటు రానివ్వను." అతని గొంతు మెత్తగానే ఉంది. "అయినా ఆ మాటలు మనం పుట్టించినవి కాదు కదా. డిక్షనరీలో ఉన్నవే."

"డిక్షనరీ ఉంచుకో" అంది ఎవాంజలిన్. "మా నాన్నని ఇచ్చెయ్యి."

 ఆమె మెట్లు దిగి వచ్చేసింది. మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. తెలిసిన లాయరు ఒకాయనని అడిగితే, ఇనిస్టిట్యూటు అతని పేరున ఉంది, నోటితో చెప్పే పాఠానికి హక్కులేమిటమ్మా అని పెదవి విరిచాడు.

దేవకుమార్ ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. త్రినాథరావు రాలేదు. రెండు ఆదివారాలు గడిచాయి. ఆయన సాయంత్రాలు గుమ్మంలోనే కూర్చునేవాడు. స్కూటర్ చప్పుడైతే తలెత్తేవాడు. కోపంతో ఎదురుచూస్తున్నాడో, మనసు లాగి ఎదురుచూస్తున్నాడో ఆమెకి తెలిసేది కాదు.

మూడో ఆదివారం ఆమె బజారు నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. దేముడమ్మ తాళంచెవి అందిస్తూ, "మీ నాన్న గాజువాక బస్సెక్కినాడు. సర్చికేసుకునే తెల్లసొక్కా ఏసుకున్నాడు. ఏటి, ఏదైనా పెళ్ళా?" అంది.

ఎవాంజలిన్ సంచీ ఆవిడ చేతిలో పెట్టి ఆటో ఎక్కింది.

గాజువాకలో ఆ ఆదివారం క్లాసు ఒక కల్యాణమండపంలో పెట్టారు. బయట చెప్పులు గుట్టలుగా ఉన్నాయి. లోపల కుర్చీలన్నీ నిండి, స్టీల్ ప్లాంటు అప్రెంటిస్ కుర్రాళ్ళు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. ఆమె వెనక గుమ్మంలోనే ఆగిపోవలసి వచ్చింది. తెల్లచొక్కా ముందు వరసలో కనిపించింది. దేవకుమార్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు.

త్రినాథరావు అప్పటికే చీర రంగు దగ్గరున్నాడు. బోటు దగ్గరకొచ్చాడు. జనం నవ్వుతున్నారు. నవ్వు తగ్గడం కోసం ఆగి, సుద్దముక్క పెట్టి, చేతులు దులుపుకుని, ముందుకి చూశాడు. అప్పుడు కనిపించాడు ముసలాయన.

అతని నోరు తెరుచుకుని అలాగే ఉండిపోవడం ఎవాంజలిన్ అంత దూరం నుంచీ చూసింది. ఇక చెప్పలేడనుకుంది. ఆయన ముఖం చూస్తూ ఎలా చెబుతాడు? ఇంకేదో చెప్పి క్లాసు ముగిస్తాడు. ఆ క్షణంలో ఆమెకి అతని మీద జాలి కూడా కలిగింది.

"మా నాన్నకి నత్తి" అన్నాడు త్రినాథరావు.

దేవకుమార్ లేచి నిలబడ్డాడు. వెనకవాళ్ళు కూర్చోమని కేకలేశారు. ఆయన కూర్చోలేదు. చెయ్యెత్తాడు. "కా..." అన్నాడు. తల కుడిపక్కకి వంగింది. కళ్ళు చికిలించాయి. ఎడమచెయ్యి తొడ మీద తట్టుకుంటోంది. "కా... కా... క..."

కాదు అనబోతున్నాడని గుమ్మంలో ఉన్న ఎవాంజలిన్‌కి తెలుసు. స్టేజీ మీద ఉన్న త్రినాథరావుకీ తెలుసు. ఎన్ని సాయంత్రాలు ఆ మాటల కోసం ఆగి కూర్చున్నాడో లెక్కలేదు. ఇంకాస్త ఆగితే అది వచ్చేస్తుందని అతనికి తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు.

ఆగలేదు. స్టేజీ దిగి పరుగున వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. మైకులో గట్టిగా, "కన్నకొడుకు! కన్నకొడుకు అంటున్నారండీ!" అన్నాడు. "చూడండి, మా నాన్నగారు ఇవాళ మన మధ్యకే వచ్చారు."

హాలు హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు ఆగలేదు. దేవకుమార్ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. 'కా... కా...' అంటూనే ఉన్నాడు. ఆయన ఎంత అంటే చప్పట్లు అంత పెరిగాయి. ఎవరో శాలువా తెచ్చి భుజాల మీద కప్పారు. ఒకావిడ ఆయన కాళ్ళకి దండం పెట్టింది.

ఎవాంజలిన్ మనుషుల్ని తోసుకుంటూ ముందుకి వచ్చింది. "ఆయన ఇతని తండ్రి కాదండీ. మా నాన్న. ఆయన మా నాన్న!" అని అరిచింది. దగ్గరున్నవాళ్ళు తిరిగి చూశారు. త్రినాథరావు ఆమెని చూశాడు. ఈసారి తడబడలేదు.

"మా అక్క" అన్నాడు మైకులో, నవ్వుతూ. "ఇంట్లో నాన్నని చూసుకునేది అక్కే."

జనం ఆమెకి కూడా చప్పట్లు కొట్టారు.

ఆమె శాలువా తీసి కుర్చీ మీద పడేసి, తండ్రి చెయ్యి పట్టుకుని బయటకి నడిచింది. జనం గౌరవంగా దారి ఇచ్చారు. గుమ్మం దగ్గర శ్రీవల్లి కరపత్రాల కట్టతో నిలబడి ఉంది. వాళ్ళు దగ్గరకి వచ్చేసరికి గోడవైపు తిరిగింది.

సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు దేవకుమార్. మల్కాపురం దాటాక ఎవాంజలిన్ ఆయనవైపు తిరిగింది. 

"ఎందుకెళ్ళావు నాన్నా?"

"నన్ను సూత్తే ఆ... ఆపేత్తాడనుకున్నాను" అన్నాడాయన. "ఇంక అననులే బాబాయ్ అంటాడనుకున్నాను. అంతేనమ్మా. ద... దెబ్బలాటకెల్లనేదు."

బస్సు సింధియా దగ్గర ఆగి, మనుషుల్ని ఎక్కించుకుని కదిలింది.

"పాటలా అనేస్తే పోయేది కదా" అంది ఆమె. అన్నాక తన మీద తనకే కోపమొచ్చింది.

ఆయనకి కోపం రాలేదు. "పాట పాడి కా... కాదనలేం కదమ్మా" అన్నాడు. కిటికీలోంచి బయటకి చూస్తూ, "ఆడొక్కడే ఆగి ఇనేవోడు" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. నిండు బస్సులో, తెల్లచొక్కా చేతితో ముఖం కప్పుకుని, చప్పుడు లేకుండా.

తర్వాత త్రినాథరావు బాగా పైకొచ్చాడు. అనకాపల్లిలో ఒకటి, విజయనగరంలో ఒకటి బ్రాంచీలు తెరిచాడు. కోటు మారింది, కథ మారలేదు. తనకి లేని నత్తి కూడా కలిపి చేస్తున్నాడని, చాలా బాగా చేస్తాడని విన్నవాళ్ళు చెప్పారు. ఎవాంజలిన్ కొన్నాళ్ళు ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పింది. తర్వాత అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీ వాళ్ళు పనిచేసే ఆడపిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి తీసుకున్నారు. ఉద్యోగం పర్వాలేదు. పిల్లలు శ్రద్ధగా వింటారు. ఒకసారి వాళ్ళలో ఒకమ్మాయి, కీర్తన, "మేడమ్, టీవీలో ఒక సార్ రన్ అనే మాట మీద చెప్తారు, మీరూ అలాంటిది చెప్పండి" అని అడిగింది. ఆ సారే చెప్పాలమ్మా అది అని, ఎవాంజలిన్ పుస్తకం తెరిచి తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం అన్నం తినలేకపోయింది.

దేవకుమార్‌ని మాత్రం ఆ కథ వదల్లేదు. కేబుల్లో గాజువాక కార్యక్రమం కూడా వేశారు. శాలువా కప్పడం, చేతులు పట్టుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. దాంతో ఊళ్ళో ఎక్కడ కనిపించినా "మీరు త్రినాథ్ సార్ నాన్నగారు కదండీ?" అని అడిగేవారు. మొదట్లో ఎవాంజలిన్ వెంటనే అందుకుని, కాదండీ, మా నాన్న అని చెప్పేది. ఒకరోజు ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"న... నాను సెప్తాను" అన్నాడు. "నువ్వు కూడా అందించీకు."

అప్పటి నుంచీ ఆమె అందించలేదు.

రెండువేల ఎనిమిదిలో ఈస్టర్‌కి చర్చి అయ్యాక ఇద్దరూ కాన్వెంట్ జంక్షన్ వైపు నడుస్తున్నారు. ఒకాయన మోటార్‌సైకిల్ ఆపాడు. వెనక భార్య, ఒళ్ళో చంటిపిల్ల. ఇంజను ఆపకుండానే, "నమస్కారమండీ. త్రినాథ్ సార్ ఫాదర్ కదండీ మీరు? సార్ దయ వల్లే నాకు ఉద్యోగం వచ్చింది" అన్నాడు.

దేవకుమార్ నిలబడ్డాడు. "కా..." అన్నాడు. పెదాలు బిగుసుకున్నాయి. ఆ మనిషి నవ్వుతూ చూస్తున్నాడు. వెనక బస్సు హారన్ కొట్టింది. భార్య భుజం తట్టింది. "పర్లేదండీ, పర్లేదు, సార్‌కి చెప్తాను మీరు కనిపించారని" అని అతను దండం పెట్టి, బండి ముందుకి పోనిచ్చాడు. అది రైల్వే గేటు వైపు తిరిగి కనిపించకుండా పోయింది.

దేవకుమార్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఎవాంజలిన్ పక్కనే ఆగింది. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. ఆటోవాడొకడు వచ్చి ఎక్కుతారా అని అడిగితే, ఆగమని చెయ్యి చూపించి, తండ్రి ముఖంకేసి చూస్తూ ఉండిపోయింది.